పదకొండు నెలల లెక్క

నరకం గురించి వ్యాసం రాస్తున్నానని చెబితే మావారు పడీపడీ నవ్వారు. "మే నెలంతా పరకాలలో గడిపిన మనిషివి, నరకం గురించి మళ్ళీ పుస్తకాలు చదవాలా? మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు డాబా మీద ఐదు నిమిషాలు నిలబడితే చాలదూ!" అన్నారు. పైగా, "నవలల్లో అంతమంది అత్తగార్లను సృష్టించావు, నీకు తెలియని నరకమా?" అని కొసమెరుపు ఒకటి.

నవ్వితే నవ్వారు గానీ, ఈ ప్రశ్న నేను కోరి తెచ్చుకున్నది కాదు. మా పక్కింటి టీచరమ్మ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

టీచరమ్మ ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళినాడే బాప్తిస్మం కూడా తీసుకుని అత్తవారి చర్చిలో చేరింది. ఆదివారం ప్రార్థన ఏనాడూ మానదు. ఆవిడ తల్లి మాత్రం చివరి పదేళ్ళూ కూతురి దగ్గరే గడిపినా, "మీ యేసయ్య మంచోడే బిడ్డా, కాని నేను సమ్మక్కను ఇడువ" అనేది. రెండేళ్ళకోసారి మేడారం పోవలసిందే. నిలువెత్తు బంగారం మొక్కు చెల్లించవలసిందే. బంగారమంటే బెల్లమే లెండి, మా వైపు ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. తిరిగొచ్చాక ఒక ముక్క మా ఇంటికీ వచ్చేది. ఎనభై దాటాక ఒక తెల్లవారుజామున ఆవిడ నిద్రలోనే వెళ్ళిపోయింది.

అంత్యక్రియలనాడు ఎక్కడినుంచో వచ్చిన బోధకుడొకాయన, రక్షణ పొందకుండా పోయినవాళ్ళకు నిత్యాగ్ని తప్పదనీ, బతికున్నవాళ్ళైనా కళ్ళు తెరవాలనీ గట్టిగా చెప్పి వెళ్ళాడు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. విన్న కూతురికి మాత్రం ఆ రాత్రి నుంచి నిద్ర కరువైంది.

"చెల్లె, నువ్వు పుస్తకాలు రాస్తవు. ఒక్క మాట చెప్పరాదు. మా అమ్మ ఇప్పుడు ఏడున్నదంటవ్?" అని అడిగింది, మా అరుగు మీద కూచుని చిక్కుడుకాయలు తుంచుతూ.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే మా ఇంట్లోనూ అప్పటికి అలాంటి ముల్లొకటి గుచ్చుకుని ఉంది. టీచరమ్మ తల్లి పోయిన రెండు నెలలకే మా నాన్న పోయారు. మేం ముగ్గురం ఆడపిల్లలం. మమ్మల్ని చదివించడానికి రెండెకరాల చెలక అమ్మి, ఎవరేమన్నా చిరునవ్వు నవ్విన మనిషి ఆయన. పదోనాడు మా బంధువుల్లో ఓ పెద్దాయన, "ఏం లాభం, పున్నామ నరకం తప్పించే కొడుకు లేకపోయె" అని నిట్టూర్చాడు. 'పుత్' అనే నరకం నుంచి కాపాడేవాడు కనుక పుత్రుడని పాత వ్యుత్పత్తి. వ్యుత్పత్తి చెప్పడం తేలికే. వినే కూతుళ్ళ సంగతి?

అలా ఒకే అరుగు మీద మేమిద్దరం రెండు నరకాలతో కూచున్నాం.

ఆ మాటల్లోనే టీచరమ్మ ఇంకో సంగతి చెప్పింది. ఆవిడ కూతుర్ని తెనాలిలో ఇచ్చారు. అక్కడికి దగ్గరలో, చేబ్రోలు వైపు, యూదులున్నారట. "మనోళ్ళేనట చెల్లె, తెలుగోళ్ళే. పాత నిబంధన వరకే నమ్ముతరట. మరి ఆళ్ళ లెక్కల మా అమ్మ ఏడుంటదో!"

లెక్కల టీచరు గదా, ఒక పద్ధతిలో తేలని లెక్క ఇంకో పద్ధతిలో చేసి చూద్దామనుకుంది. హనుమకొండలో బి.ఏ. చదివేటప్పుడు చరిత్ర నా అభిమాన విషయం. నవల పక్కన పెట్టి ఆ పద్ధతి ఏమిటో వెతకడానికి కూచున్నాను.

చేబ్రోలు సంగతి నిజమే. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. బెనె ఎఫ్రాయిమ్ అంటే ఎఫ్రాయిము సంతానం. మాదిగ కుటుంబాల వాళ్ళు. ఒకప్పుడు క్రైస్తవులు. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకదానికి చెందినవాళ్ళమని చెప్పుకుంటూ 1980లలో యూదు ఆచారాలు పాటించసాగారు. 1991లో ప్రార్థనామందిరం పెట్టుకున్నారు. శనివారం విశ్రాంతి దినం. హీబ్రూ ప్రార్థనలు నేర్చుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పెర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వీళ్ళ మీద 2013లో ఒక పుస్తకమే వెలువరించారు.

చిత్రమేమిటంటే, తెలుగు బైబిల్లో నరకమనే మాట కోసం చూస్తే అది కనిపించేది ముఖ్యంగా కొత్త నిబంధనలో. పాత నిబంధనలో సాధారణంగా మనకు ఎదురయ్యేది పాతాళం, లేదా మృతుల లోకం. హీబ్రూలో దాని పేరు షియోల్. అది శిక్షాస్థలం కాదు. మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ అందరూ దిగిపోయే చీకటి చోటు, అంతే. యోసేపు చచ్చిపోయాడనుకున్నప్పుడు తండ్రి యాకోబు ఏడుస్తూ, నేనూ అక్కడికే నా కొడుకు దగ్గరికి పోతానంటాడు. నరకానికి పోతానని ఎవరైనా ఓదార్పుగా చెప్పుకుంటారా?

మన మాటలు మాత్రం తక్కువవా? 19వ శతాబ్దం మొదట్లో విశాఖపట్నంలో లండన్ మిషన్ దొరలు బైబిల్ను తెలుగు చెయ్యబోయినప్పుడు వాళ్ళకు తోడ్పడినవాడు ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుడు. ఆ తర్వాత ఎన్నో చేతులు మారి నేటి తెలుగు బైబిల్ తయారైంది. అందులో షియోల్‌కు దొరికిన పాతాళం మన పురాణాల్లో బలిచక్రవర్తి ఉండే చోటు, నాగమణులు వెలిగే చోటు. గెహెన్నాకు దొరికిన నరకం భాగవతం పంచమస్కంధంలో ఇరవై ఎనిమిది రకాలు. ఎన్ని రకాలైనా అన్నిటికీ ఒక ముగింపుంది. పాపం తీరాక మళ్ళీ జన్మ ఎత్తవలసిందే. అంతం లేని శిక్ష అనే భావాన్ని, అంతం ఉన్న నరకమనే మన మాటలో పోశారన్నమాట. పాత కడవలో కొత్త నీళ్ళు పోస్తే కొంచెం పాత వాసన వెయ్యదూ?

ఆ గెహెన్నా కూడా మొదట ఒక ఊరి పొలిమేరే. యెరూషలేముకు దక్షిణాన ఉన్న లోయ, గే హిన్నోమ్. ఆహాజు, మనష్షే అనే రాజులు అక్కడ పిల్లల్ని అగ్నికి ఆహుతిచ్చారని బైబిల్ చెబుతుంది. తర్వాత యోషీయా రాజు ఆ బలిస్థలాన్ని అపవిత్రం చేసి మాన్పించాడు. పిల్లలు కాలిన ఆ లోయ పేరే కాలక్రమాన పాపులు కాలే చోటు పేరైంది. ఇవాళ అక్కడ చెట్లూ పచ్చికా ఉన్నాయి, జనం సాయంత్రం షికారు వెళతారు. ఈ సంగతి చదివినప్పుడు నాకు ఏమిటో ఊరట కలిగింది.

సరే, ఏ శిక్షా లేని షియోల్ నుంచి అగ్నిగుండం దాకా ఎలా వచ్చారు? క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దంలో ఆంటియోకస్ అనే గ్రీకు రాజు యూదుల ధర్మాన్ని నిషేధించి, పాటించినవాళ్ళను చంపించాడు. కన్నతల్లి కళ్ళ ముందే ఏడుగురు కొడుకుల్ని ఒకరి తర్వాత ఒకర్ని హింసించి చంపి, చివరికి ఆవిడనూ చంపిన కథ మక్కబీయుల గ్రంథంలో ఉంది. సుమారు అదే కాలంలో, క్రీస్తుపూర్వం 165 ప్రాంతంలో, దానియేలు గ్రంథం ఇప్పుడున్న రూపానికి వచ్చింది. చచ్చినవాళ్ళు లేస్తారనీ, కొందరు నిత్యజీవానికీ కొందరు నిత్యమైన అవమానానికీ లేస్తారనీ అందులో స్పష్టంగా వినిపిస్తుంది. చంపినవాడూ చచ్చినవాడూ ఒకే చీకట్లో కలిసిపోతే ఇక న్యాయమేదీ?

ఈ మాట పరకాల మనిషికి వేరే చెప్పనక్కరలేదు. 1947 సెప్టెంబరు 2న మా ఊళ్ళో జాతీయ జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద నిజాం పోలీసులూ రజాకార్లూ కాల్పులు జరిపారు. వాళ్ళ జ్ఞాపకార్థం కట్టిన అమరధామం ముందునుంచి నేను ఎన్నిసార్లు నడిచానో. అక్కడ నిలబడితే, 'ఆ తుపాకులు పేల్చినవాళ్ళకు ఎక్కడో ఒకచోట జవాబు చెప్పుకోవలసిన రోజు ఉండాలి' అని నాబోటి మెత్తని మనిషికి కూడా అనిపిస్తుంది. అలాంటి కడుపుకోతే నరకాన్ని అడిగింది.

అడగడం వరకూ బాగానే ఉంది. ఎన్నాళ్ళు? అసలు చిక్కు అక్కడే వచ్చింది.

యూదు గురువుల్లో రబ్బీ అకీవా అని మహానుభావుడు. 135 ప్రాంతంలో రోమన్ల చేతుల్లో చిత్రవధ పడి చనిపోయాడు. అంత క్రూరత్వం చూసిన కాలపు మనిషి, గెహిన్నోమ్‌లో దుష్టులకు శిక్ష పన్నెండు నెలలని తేల్చాడు! తర్వాతి గురువులు ఘోరపాపులు కొందరిని ఈ గడువులోంచి తప్పించారు గానీ, సామాన్య పాపికి మాత్రం ఏడాదే. ఇంకో తమాషా వినండి. విశ్రాంతి దినాన, అంటే శనివారం, నరకానికి కూడా సెలవట. ఇదీ అకీవా పేరుతో ఉన్న కథే. వంటింటికి లేని సెలవు నరకానికి ఉందన్నమాట!

పన్నెండు నెలలనగానే మీకేం గుర్తొచ్చింది? నాకైతే మాసికాలు గుర్తొచ్చాయి. పోయిన జీవుడు యమపురి చేరడానికి ఏడాది పడుతుందని గరుడపురాణం. అందుకే నెలనెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. ఎక్కడి యెరూషలేం, ఎక్కడి పరకాల! పోయినవాళ్ళ వెంట బతికున్నవాళ్ళు నడిచే దూరం రెండు చోట్లా ఒక్కటే, ఏడాది.

ఆ ఏడాదిలో యూదుల బిడ్డలు రోజూ కద్దీష్ అనే ప్రార్థన చెబుతారు. మధ్యయుగాల్లో జర్మనీ ప్రాంతపు యూదుల మధ్య ఇది గట్టిగా నాటుకుంది. దాని వెనకా అకీవా కథ ఒకటుంది. ఒక రోజు ఆయనకు నెత్తిన కట్టెల మోపుతో పరుగెత్తుతున్న మనిషి ఎదురవుతాడు. వాడు చచ్చినవాడు. బతికినన్నాళ్ళూ పన్నులు వసూలు చేసేవాడు, ధనవంతుల్ని వదిలి పేదల్ని పీడించాడు. తనను కాల్చే కట్టెలు తనే మోసుకోవడం వాడి శిక్ష. కొడుకు సభలో నిలబడి దేవుణ్ణి స్తుతిస్తే విముక్తి ఉందట, కానీ వాడు పోయేటప్పటికి భార్య గర్భవతి. అకీవా ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళి, ఎవరూ పట్టించుకోని ఆ పిల్లవాడికి అక్షరాలు నేర్పి, ప్రార్థన చెప్పించి తండ్రిని విడిపిస్తాడు.

ఇక్కడ ఒక సున్నితం చూడండి. శిక్ష పన్నెండు నెలలు గదా, మరి కద్దీష్ చెప్పేది పదకొండు నెలలే. పూర్తి ఏడాది చెబితే, 'మా నాన్న పూర్తి శిక్ష పడవలసినంత దుష్టుడు' అని కొడుకే చాటినట్టవుతుంది. అందుకని ఒక నెల తగ్గించుకున్నారు. 16వ శతాబ్దంలో క్రాకో నగరపు రబ్బీ మోషే ఇస్సెర్లెస్ ఈ ఆచారాన్ని గ్రంథస్థం చేశాడు. అన్నట్టు, ఆ ప్రార్థనలో చావు మాట ఒక్కటి కూడా ఉండదు. మొత్తం దేవుణ్ణి కీర్తించడమే.

కానీ ఇదీ కొడుకుల హక్కే. మళ్ళీ పున్నామ నరకమేనా అని నాకు నీరసం వచ్చింది. అప్పుడు దొరికింది హెన్రియెటా సోల్డ్. అమెరికాలో యూదు స్త్రీల సంఘం హదస్సాను స్థాపించిన మనిషి. వాళ్ళు ఎనిమిదిమంది అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు లేరు. 1916లో తల్లి పోయినప్పుడు కుటుంబ మిత్రుడొకాయన, కద్దీష్ మీ తరపున నేను చెబుతానన్నాడు. ఆవిడ ఎంతో మర్యాదగా కృతజ్ఞత చెప్పుకుని, ఆ పని తానే చేస్తానని ఉత్తరం రాసింది. కొడుకు లేడని తన తల్లి ఒక్కనాడు కూడా విచారించలేదని అందులో చెప్పుకుంది. ఆ సంగతి చదివి నేను చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. మా నాన్న చిరునవ్వు కళ్ళ ముందు మెదిలింది.

మరి క్రైస్తవుల మాట? అందరిదీ ఒకే మాట అనుకుంటే పొరపాటే. 5వ శతాబ్దంలో సెయింట్ ఆగస్టిన్, నిత్యాగ్ని అంటే నిత్యమే, నిత్యజీవానికి అంతం లేనప్పుడు నిత్యశిక్షకు మాత్రం ఎందుకుంటుందని వాదించాడు. ఆ వాదనకే ఎక్కువ బలం వచ్చింది. అంతకుముందే 3వ శతాబ్దంలో ఓరిజెన్ అనే పండితుడు చివరికి అందరూ దేవుణ్ణి చేరతారని ఆశపడ్డాడు. 553లో ఆయన బోధలను తప్పుబట్టారు.

నాకు నచ్చిన మనిషి వీళ్ళిద్దరూ కాదు, మక్రినా అనే ఒక అక్క. 379 ప్రాంతంలో ఆవిడ మరణశయ్య మీద ఉండగా తమ్ముడు గ్రెగరీ బిషప్ చూడవచ్చాడు. వాళ్ళ మధ్య ఆత్మను గురించి జరిగిన సంభాషణగా ఆయనొక గ్రంథం రాశాడు. అందులో అక్కను పేరుతో కాక 'గురువు' అంటూ వచ్చాడు. మట్టి పట్టిన తాడును సన్నని కంత లోంచి లాగితే మట్టి రాలి తాడు బయటికొస్తుంది, నొప్పి ఆ రాపిడిదే గాని లాగే చేతిలో ద్వేషం లేదని ఆ గురువమ్మ అభిప్రాయం.

సామాన్యజనమూ ఊరుకోలేదు. పౌలు దర్శనమని ప్రచారంలో ఉన్న పాత కథలో, నరకవాసుల ఏడుపు చూసి పౌలు కన్నీరు పెడితే క్రీస్తు వాళ్ళకు ప్రతి ఆదివారం విశ్రాంతి ఇస్తాడు. యూదులకు శనివారం, వీళ్ళకు ఆదివారం, సెలవు మాత్రం ఖాయం! కాథలిక్కులు స్వర్గనరకాల మధ్య శుద్ధిపొందే స్థితి ఉందన్నారు. 1274 లియోన్ మహాసభ దాన్ని ఒప్పుకుంది. అందుకే నవంబరు 2న మన తెలుగు కాథలిక్కులు కూడా సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థిస్తారు. ఆ శుద్ధిస్థలం పేరుతో పాపవిమోచన పత్రాలు అమ్ముకోవడం పెచ్చుమీరి, 1517లో మార్టిన్ లూథర్ ఎదురు తిరిగాడు. తర్వాత ప్రొటెస్టెంట్లు అది బైబిల్లో లేదని తీసేశారు. దాంతో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించే దారీ మూతపడింది.

మన తెలంగాణా ఆంధ్ర పల్లెలకు మిషన్లు ఎక్కువగా తెచ్చింది ఆ ప్రొటెస్టెంటు బోధనే. కరువు తర్వాత 1878లో ఒంగోలు దగ్గర ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు బాప్టిస్టులు. వాళ్ళ మిషన్ త్వరలోనే మా హనుమకొండకూ వచ్చింది. ఊరి బయటకు నెట్టబడినవాళ్ళకు 'నువ్వూ దేవుని బిడ్డవే' అన్న మాట ఎంత పెద్దదో ఊహించండి. అయితే ఆ ఒంగోలు సమూహాల్లోని ప్రతి కుటుంబం వెనకా, బాప్తిస్మం లేకుండా పోయిన తాతలూ ముత్తవ్వలూ ఉన్నారు కదా! టీచరమ్మ ప్రశ్న అప్పటిదే అయ్యుండాలి. ఎంతమంది కూతుళ్ళు పైకి అడగకుండా మింగారో.

పై రెండు మతాల్లోనూ ఆ ప్రశ్నకు తలుపు తెరిచినవాళ్ళున్నారు. అన్ని జనాల్లోని నీతిమంతులకూ రాబోయే లోకంలో పాలు ఉందని యూదు గురువుల మాట ఒకటుంది. 12వ శతాబ్దపు మహాపండితుడు మైమొనిదీస్ దాన్ని ఖాయం చేశాడు. తమ తప్పు లేకుండా సువార్త తెలియనివాళ్ళు కూడా రక్షణ పొందవచ్చని 1964లో రెండో వాటికన్ మహాసభ అంది. టీచరమ్మ చర్చి అంతదూరం రాకపోవచ్చు. వాళ్ళ విశ్వాసం వాళ్ళది, దానితో నాకు పేచీ లేదు.

ఇదంతా నేను అరుగు మీద కూచుని రోజుకింత చొప్పున చెప్పాను. టీచరమ్మ అన్నీ విన్నది. గురువమ్మ మక్రినా దగ్గర ముసిముసిగా నవ్వింది. కట్టెల మోపు కథ రెండుసార్లు చెప్పించుకుంది. పదకొండు నెలల సంగతి విన్నాక మాత్రం వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క పెట్టుకుంది.

మొన్న ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ మా గేటు దగ్గర ఆగింది.

"ఇయ్యాల్టికి పదకొండు నెలలైనయి చెల్లె. పోయినోళ్ళ కోసం ప్రార్థన చెయ్యొద్దంటరు మావోళ్ళు. నేను చెయ్యలె. అసొంటి తల్లినిచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్న. అది చెప్పుకోవచ్చు గద?"

"ఎందుకు చెప్పుకోకూడదక్కా!" అన్నాను. చావు మాట లేకుండా దేవుణ్ణి కీర్తించడం! ఆవిడ తనకు తెలియకుండానే ఏ ప్రార్థన దగ్గరికి చేరిందో చెప్పబోయి ఆగిపోయాను. అంత ప్రశాంతంగా ఉంది ఆవిడ ముఖం.

ఇంకో మూడు నెలల్లో మా నాన్న సంవత్సరీకం. కర్త ఎవరని మళ్ళీ చర్చ మొదలైంది. మేం ముగ్గురం కూచుంటామని అక్క పెద్దాయనకు ఫోన్లో చెప్పేసింది. ఆయన ఇంకా జవాబివ్వలేదు. మేం మాత్రం పొద్దున్నే లేవాలని నిశ్చయించుకున్నాం.